ఐదు రూపాయల టికెట్‌తో ముంబయి

ముంబయిలో కొత్తవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది రైలు దిగిన మొదటి పావుగంటలోనే. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ (సీఎస్‌ఎంటీ)లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ దిగి మేమింకా సామాను లెక్క చూసుకుంటున్నాం. ఈలోగా ఒకతను వచ్చి పెద్దమ్మ చేతిలో సంచి అందుకోబోయాడు. "దాదర్? ఆయియే మాజీ, ఛే సౌ." ఆరు వందలు! దాదర్ అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు. కాలీపీలీ టాక్సీకి 2025 ఫిబ్రవరి నుంచి మొదటి కిలోమీటరున్నరకు 31 రూపాయలు. మీటరు వేసి తీసుకెళ్తే దాదర్‌కు రెండొందలు దాటడం కష్టం. లోకల్ రైలుకైతే మనిషికి 5 రూపాయలు. ఆ లోకల్ కూడా వేరే చోటెక్కడో లేదు. అదే స్టేషన్లో, పక్క ప్లాట్‌ఫాంల మీద, నాలుగైదు నిమిషాలకొకటి కదులుతూ ఉంటుంది.

పెద్దమ్మకు పరేల్‌లోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో వైద్యం జరిగింది. ఇప్పుడు కులాసాగా ఉంది; ఏడాదికోసారి చూపించుకుని రావాలి, అంతే. ఈసారి తోడుగా నేనూ, నాకు తమ్ముడయ్యే ఆవిడ కొడుకూ వెళ్లాం. వైద్యం జరిగిన రోజుల్లో బస చేసిన గది, ఆసుపత్రి తప్ప ఆవిడ ముంబయిలో ఏమీ చూడలేదు. "అన్ని నెలలున్నాను, సముద్రం ఒక్కసారైనా చూళ్లేదురా" అని రైల్లో అంది. రిపోర్టుల కోసం ఎలాగూ ఆగాలి కాబట్టి ఈసారి ఊరంతా తిప్పుదామనుకున్నాం. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: "టాక్సీలకు తగలెయ్యొద్దు. ఆ డబ్బులుంటే ఎవరికన్నా మందులకొస్తాయి."

ఆ మాట ఊరికే అన్నది కాదు. పరేల్‌లో ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో కాసేపు నిలబడితే తెలుగు వినపడుతుంది. మన ఊళ్ల నుంచి వచ్చి, గది దొరక్క ఫుట్‌పాత్ మీదే రోజులు వెళ్లదీసే కుటుంబాలు కనపడతాయి. వాళ్లకు రోజూ తిరగడానికయ్యే ఖర్చు చిన్న సంగతి కాదు. అందుకే ఇందులో రూపాయల లెక్కలు మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు ఇంటి దగ్గర మొదలయ్యే లెక్క ఒకటి చెప్పాలి. క్యాన్సర్ రోగి చికిత్సకు గానీ, తర్వాతి చెకప్‌లకు గానీ రైల్లో వెళ్తే స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో ఛార్జీ పూర్తిగా మాఫీ. తోడు వెళ్లే ఒకరికి అవే తరగతుల్లో 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ రైల్వే నమూనాలో ఉండాలి, టికెట్ రిజర్వేషన్ కౌంటర్లో తీసుకోవాలి. ఈ సంగతి తెలియక పూర్తి డబ్బు కట్టి వచ్చినవాళ్లు ఆ వీధుల్లో మాకు కనపడ్డారు. చదివినవాళ్లు ఒకరికి చెప్పినా మేలే.

ఇక లోకల్ సంగతి. 1853 ఏప్రిల్ 16న దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బోరీబందర్ (ఇప్పటి సీఎస్‌ఎంటీ) నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు నడిచింది. మేం దాదర్‌కు వెళ్లింది ఆ దారిలోనే. ఇప్పుడా 34 కిలోమీటర్లకు సెకండ్ క్లాసు టికెట్ 10 రూపాయలు. చర్చ్‌గేట్ నుంచి విరార్‌కు 60 కిలోమీటర్లకు 15. 2025లో జూలైలో ఒకసారి, డిసెంబరులో మరోసారి దూరప్రయాణాల ఛార్జీలు పెంచినా రైల్వే ఈ సబర్బన్ టికెట్ల జోలికి మాత్రం పోలేదు. రోజుకు 70 లక్షల మంది దాకా ఎక్కే బండ్లు ఇవి. కంపెనీ మేనేజరూ, అతని ఇంట్లో గిన్నెలు కడిగే మనిషీ ఒకే రైల్లో వస్తారు, బోగీ మాత్రమే వేరు. ఇక్కడ లోకల్ ఎక్కితే ఎవరూ చిన్నచూపు చూడరు. మన ఊళ్లలో సిటీ బస్సెక్కిన చుట్టాన్ని చూసి "ఆటో చేసుకు రాకపోయావా" అంటాం. ముంబయిలో ఆ మాట ఎవరి నోటా వినలేదు.

సీఎస్‌ఎంటీ టికెట్ల వరసలో మా తెలుగు విని వెనక్కి తిరిగినాయన పాలమూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రీ. ఇళ్లు కట్టే పనికి చిన్నప్పుడే వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ముంబయికి తెలుగు కూలీలు రావడం నిన్నా మొన్నటిది కాదు; కామాఠీపురా అనే పేట పేరే నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. ఆయన మమ్మల్ని ఇండికేటర్ కింద నిలబెట్టి, పెద్దమ్మకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు.

"అమ్మా, గా బోర్డు సూడు. ముంగట పేరు బండి యాడిదాంక పోతదో చెప్తది. పక్కన ఎస్ అని ఉంటే స్లో, అన్ని టేషన్లల్ల ఆగుతది. ఎఫ్ ఉంటే ఫాస్టు. దాదర్‌కైతె ఏదెక్కినా సరే. పరేల్ల దిగాలంటే స్లోనే ఎక్కుండ్రి. ఫాస్టెక్కితే పరేల్ మీదికెల్లి ఉరికిపోతది, సూస్కుంట కూసుంటరు."

ముంబయి ప్రయాణానికి కావాల్సిన చదువులో సగం ఆ నాలుగు మాటల్లోనే ఉంది. మిగతా సగం మూడు లైన్ల సంగతి. చర్చ్‌గేట్ నుంచి విరార్ వైపు వెళ్లేది వెస్టర్న్. సీఎస్‌ఎంటీ నుంచి ఠాణే, కళ్యాణ్ వైపు వెళ్లేది సెంట్రల్. సీఎస్‌ఎంటీ నుంచే పన్వేల్ వైపు, గోరేగావ్ వైపు వెళ్లేది హార్బర్. వెస్టర్న్, సెంట్రల్ కలిసేది దాదర్‌లో. అక్కడ వంతెన దాటి లైను మారొచ్చు, టికెట్ మళ్లీ తీసుకోనక్కర్లేదు, మొదట్లోనే చివరి స్టేషన్ దాకా తీసుకుంటే చాలు. ఒక్కటి గమనించాలి: దాదర్‌లో 2023 డిసెంబరు నుంచి ప్లాట్‌ఫాంల నంబర్లు మార్చారు. రెండు లైన్లకూ ఒకటో నంబరు, రెండో నంబరు విడివిడిగా ఉండి జనం తికమకపడేవాళ్లు. ఇప్పుడు వెస్టర్న్‌కు 1 నుంచి 7, సెంట్రల్‌కు 8 నుంచి 14. ఎప్పుడో వెళ్లొచ్చిన చుట్టాలు చెప్పే గుర్తులు అక్కడ పనికిరావు.

అందుకని దాదర్ దగ్గర బస చూసుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొదుపు. విమానాశ్రయం దగ్గరో, కొలాబాలోనో మంచి గది చవగ్గా దొరికిందని దిగితే మిగిలింది తిరుగుడులో పోతుంది. దాదర్‌లో ఉంటే పరేల్ ఆసుపత్రి తర్వాతి స్టేషనే, సిద్ధివినాయకుడి గుడికి నడిచే పోవచ్చు, దక్షిణాన కోట (ఫోర్ట్) ప్రాంతానికి ఐదు రూపాయలు, ఉత్తరాన బాంద్రాకు ఐదు రూపాయలు. ఇడ్లీ, ఉప్మా దొరికే మాటుంగా పక్కనే.

ధర ఎప్పుడూ ఒక్కటే గానీ ప్రయాణం ఒక్కటి కాదు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఊరంతా దక్షిణానికి వస్తుంది. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఉత్తరానికి తిరిగి పోతుంది. ఆ వేళల్లో ఆ దిక్కున వెళ్లే బండిని ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. రైలు ఆగకముందే ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, లోపలివాళ్లు దిగలేక కేకలేస్తున్నారు. ఏటా ఎందరో ఈ పట్టాల మీద ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. 2025 జూన్ 9న ముంబ్రా మలుపులో ఎదురెదురుగా వెళ్తున్న కిక్కిరిసిన బండ్ల తలుపుల దగ్గర వేలాడుతున్నవాళ్లు కింద పడిపోయారు, మనుషులు చనిపోయారు. రోజూ పని కోసం వెళ్లేవాళ్లకు ఆ గుంపు తప్పదు. చూడ్డానికి వచ్చినవాళ్లకు తప్పుతుంది. ఆ బండి వదిలేయండి. సాయంత్రం బాంద్రా వెళ్లడానికి విరార్ ఫాస్ట్ ఎక్కడం మాత్రం అసలు వద్దు. దూరం వెళ్లేవాళ్లతో నిండిపోయిన ఆ బండిలో మధ్యలో దిగడానికి తలుపు దాకా రాలేరు.

పదకొండున్నర తర్వాత అదే రైలు వేరే లోకం. మేం రోజూ ఆ వేళకే బయల్దేరేవాళ్లం. కిటికీ పక్కన చోటు, సీట్లో ముగ్గురు కూర్చునే చోట నలుగురు సర్దుకోవడం, నిలబడ్డవాళ్లు కూర్చున్నవాళ్లను "కహా ఉతరేంగే?" అని అడిగి ఆ సీటు ముందే మాట్లాడుకోవడం, అంతా ఒక పద్ధతి. దిగాల్సిన స్టేషన్‌కు ఒక స్టేషన్ ముందే లేచి తలుపు వైపు జరగాలి. ఏ వైపు ప్లాట్‌ఫాం వస్తుందో తెలియకపోతే పక్కవాళ్లను అడగాలి. అడిగితే చెప్పనివాళ్లు మాకు ఒక్కరూ తగల్లేదు. ఒక పెద్దావిడ అయితే మాతో పాటు లేచి, పెద్దమ్మ ముందు నిలబడి, "బాజూ హటో, మాజీ ఉతరేంగీ" అంటూ దారి చేసింది. తను దిగేది మాత్రం మూడు స్టేషన్ల తర్వాత!

ప్రతి లోకల్‌లోనూ వికలాంగులకు ప్రత్యేకంగా ఒక చిన్న బోగీ ఉంటుంది. క్యాన్సర్ రోగులూ, గర్భిణులూ కూడా అందులో ఎక్కొచ్చు. చికిత్స జరుగుతున్నవాళ్లు ఆసుపత్రి కాగితం దగ్గర పెట్టుకుంటే ఆ బోగీలో ఎవరూ అడ్డుచెప్పరు. పెద్దమ్మకు వైద్యం జరిగిన ఏడాది ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రికి రోజూ టాక్సీలోనే వెళ్లొచ్చేదట. ఆ ఖర్చు ఎంతయిందో ఆవిడ నోటితో విన్నాక ఈ ఒక్క వాక్యం కోసమైనా ఈ వ్యాసం రాయాలనిపించింది.

టికెట్ గురించి రెండు మాటలు. కౌంటర్ వరస పెద్దదిగా ఉంటే పక్కనే యంత్రాలుంటాయి, రైల్వే యాప్‌లోనూ తీసుకోవచ్చు. టికెట్ తీసుకున్న గంటలోగా ప్రయాణం మొదలుపెట్టాలి. రానూపోనూ టికెట్ ఒకేసారి తీసుకుంటే సాయంత్రం మళ్లీ నిలబడే పని తప్పుతుంది. టికెట్ లేకుండా దొరికితే ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా. కొత్తవాళ్లు ఎక్కువగా పట్టుబడేది టికెట్ లేక కాదు, సెకండ్ క్లాసు టికెట్‌తో ఫస్ట్ క్లాసు ఎక్కి. రెంటికీ బయటి నుంచి పెద్ద తేడా ఉండదు, ఫస్ట్ క్లాసు బోగీ గోడ మీద వాలు గీతలుంటాయి, అంతే. ఆ గీతలు చూసుకోకుండా పరుగెత్తి ఎక్కొద్దు. ఫస్ట్ క్లాసులో కనీస టికెట్ 25 రూపాయలు, ఏసీ లోకల్‌కు 35. ముసలివాళ్లు తోడుంటే, తప్పనిసరిగా రద్దీ వేళే వెళ్లాల్సొస్తే, ఆ డబ్బు పెట్టండి. తక్కిన వేళల్లో అందులో కొనేది మెత్తటి సీటు మాత్రమే.

ఒకటి, మూడు, ఐదు రోజులకు ఎన్నిసార్లయినా తిరిగే టూరిస్టు టికెట్ కూడా అమ్ముతారు. విడి టికెట్ ఐదు, పది రూపాయలున్న ఊళ్లో అది సెకండ్ క్లాసుకు కలిసిరావాలంటే రోజంతా రైళ్లలోనే ఉండాలి. వరసల్లో నిలబడలేనివాళ్లకు మాత్రం పనికొస్తుంది. వైద్యానికో, పనికో నెల రోజులుండేవాళ్లు సీజన్ టికెట్ తీసుకోవాలి. విడి టికెట్లకయ్యే డబ్బులో చిన్న వంతుకే నెలంతా తిరగొచ్చు.

రైలు ఊరి పొడవునా తీసుకెళ్తుంది. అడ్డంగా వెళ్లాలంటే ఎర్ర బస్సే. బెస్ట్ సంస్థ మొదటి మోటారు బస్సు 1926 జూలై 15న అఫ్గాన్ చర్చి నుంచి క్రాఫర్డ్ మార్కెట్‌కు నడిచింది. ఊరికి కరెంటిచ్చే సంస్థ, బస్సులు నడిపే సంస్థ ఒకటే కావడం ఇక్కడి ప్రత్యేకత. 2019 జూలైలో మొదటి ఐదు కిలోమీటర్లకు 5 రూపాయలకు తగ్గించిన టికెట్ 2025 మే 9 నుంచి 10 అయింది. ఏసీ బస్సుకు 6 నుంచి 12. యాత్రికుడికి అది తేలికే. కానీ బస్సులో మా పక్కన కూర్చున్న ఇళ్లలో పనిచేసే ఆవిడ, రోజుకు నాలుగు బస్సులు మారతాననీ, ఇప్పుడు రెండు బస్సుల దూరం నడిచేస్తున్నాననీ చెప్పింది. చవకైన ప్రయాణం ఈ ఊరికి గుండెకాయ. అక్కడ ఒక్క రూపాయి పెరిగినా ముందు తెలిసేది ఇలాంటివాళ్ల కాళ్లకే. ఈ ఛార్జీ మళ్లీ తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

రోజులో నాలుగైదు చోట్లకు తిరిగేవాళ్లకు బెస్ట్ ఒక రోజు పాసు ఇస్తుంది. 2025 పెంపు తర్వాత దాని ధర 75 రూపాయలు. ఏసీ బస్సులు ఎక్కువగా ఎక్కే రోజున, ఊరు చూడ్డమే పని అయిన రోజున, అది బాగా కలిసొస్తుంది. తెలుగువాళ్లకు ఒక చిన్న తయారీ కావాలి. బస్సు ముందు భాగాన నంబరు దేవనాగరి అంకెల్లో ఉంటుంది. బస్సు దగ్గరికొచ్చి ఆగాక పక్కన ఇంగ్లిషు అంకెలు కనపడతాయి గానీ అప్పటికి అది కదిలిపోతుంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఆ అంకెలు ఒక చీటీ మీద రాసుకుంటే చాలు. మా తమ్ముడు ఫోన్లో ఫొటో పెట్టుకున్నాడు. పెద్దమ్మ మర్నాటికల్లా చూడకుండానే చదివేసింది, హిందీ పరీక్షలు రాసిన తరం ఆవిడది.

పాత డబుల్ డెక్కర్లు 2023 సెప్టెంబరులో ఆగిపోయాయి. వాటి బదులు కరెంటుతో నడిచే ఏసీ డబుల్ డెక్కర్లు వచ్చాయి. సీఎస్‌ఎంటీ నుంచి నారిమన్ పాయింట్ వైపు వెళ్లేదాన్ని ఎక్కాం. మెట్లు ఎక్కగలదా అని మేం ఆలోచిస్తుండగానే పెద్దమ్మ కొంగు దోపుకుని పైకెక్కి ముందు అద్దం దగ్గర కూర్చుంది. ఎత్తు నుంచి చూస్తే కోట ప్రాంతం మొత్తం మారిపోతుంది. కింద నుంచి కనపడని చూరు కింది శిల్పాలు, రాతి జంతువుల తలలు, చెక్కిన ఆకులు కంటికి ఎదురుగా వస్తాయి. చెట్ల కొమ్మలు అద్దాన్ని రాసుకుంటూ వెనక్కి పోతుంటే ఆవిడ ప్రతిసారీ తల వంచింది. చివరి స్టాపులో దిగి నాలుగడుగులు వేస్తే సముద్రం. మెరైన్ డ్రైవ్ గట్టు మీద ఎండ తగ్గేదాకా కూర్చున్నాం. ఒక్కొక్కరికి 12 రూపాయల టికెట్ అది. అదే దారికి గైడును పెట్టి వందలు తీసుకునే ఏర్పాట్లూ ఉన్నాయి. వాటి అవసరం మాకు కనపడలేదు.

కోట ప్రాంతంలో తిరగడానికి అసలు వాహనమే అక్కర్లేదు. సీఎస్‌ఎంటీ నుంచి చర్చ్‌గేట్ ఇరవై నిమిషాల నడక. ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ గీసిన సీఎస్‌ఎంటీ భవనం 1888లో పూర్తయింది, 2004లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చింది. రోడ్డు దాటి ఎదుటి వైపు నుంచి చూస్తేనే గుమ్మటం పూర్తిగా కనపడుతుంది. అక్కణ్ణుంచి హుతాత్మా చౌక్, హార్నిమన్ సర్కిల్, 1833 నాటి టౌన్ హాలు మెట్లు, కాలాఘోడా. చివరికి ఓవల్ మైదానం. మైదానానికి తూర్పున హైకోర్టు, రాజాబాయి గడియారపు గోపురం, అన్నీ కోసుగా లేచిన రాతి కట్టడాలు. పడమట 1930ల నాటి ఆర్ట్ డెకో ఇళ్లు, గుండ్రటి మూలలు, గీతలు గీసినట్టున్న బాల్కనీలు. ఈ రెండు వరసలనూ కలిపి 2018లో యునెస్కో గుర్తించింది. మధ్యలో పిల్లలు పది జట్లుగా క్రికెట్ ఆడుతుంటారు, ఎవరి బంతి ఎవరిదో వాళ్లకే తెలుసు. రూపాయి ఖర్చు లేకుండా ఇంత చూపించే నడక నేనెరిగిన మన పట్టణాల్లో ఇంకొకటి లేదు.

మహాలక్ష్మి స్టేషన్‌లో దిగినప్పుడు వంతెన మీద జనం ఆగి చూస్తున్నారు. కింద ధోబీఘాట్. సిమెంటు తొట్ల వరసలు, తాళ్ల మీద తెల్ల దుప్పట్ల వరసలు, ఆకుపచ్చ ఆసుపత్రి గుడ్డల వరసలు. పెద్దమ్మ ఆ ఆకుపచ్చ గుడ్డల్నే చూస్తూ, "మనం కప్పుకున్నవి ఇక్కడ ఉతికినవేనేమో" అంది. ఆ గుడ్డల్ని రాతి మీద బాదుతున్నవాళ్లకు చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. అక్కణ్ణుంచి మహాలక్ష్మి గుడికి ముగ్గురం టాక్సీలోనే వెళ్లాం. కొద్ది దూరానికి ముగ్గురుంటే టాక్సీ, బస్సు దాదాపు ఒకటే పడతాయి. ముసలివాళ్ల మోకాళ్లు కూడా లెక్కలోకి రావాలి కదా.

టాక్సీ, ఆటోల విషయంలో ముంబయి మన ఊళ్ల కంటే ఎంతో మేలు. బేరం లేదు. ఎక్కగానే మీటరు తిప్పుతారు, దిగాక అంకె చూసి ఇస్తాం, చిల్లర తిరిగిస్తారు. ఆటో కనీస ఛార్జీ 26 రూపాయలు. అర్ధరాత్రి దాటితే తెల్లారి ఐదు దాకా పావు వంతు అదనం. మోసాలు ఎక్కువగా జరిగేది పెద్ద రైల్వే స్టేషన్ల లోపల, మన దగ్గరికే వచ్చి పిలిచేవాళ్ల దగ్గర. రోడ్డు మీదకొచ్చి మనం పిలిచిన బండి ఎక్కితే ఆ బాధ లేదు. బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి ఆటోలను రానివ్వరు కాబట్టి దాదర్, పరేల్, కోట ప్రాంతాల్లో ఆటో కోసం చూస్తూ నిలబడొద్దు. రద్దీ స్టేషన్ల బయట షేర్ టాక్సీలు నిర్ణీత దారుల్లో, మనిషికింత అని తిరుగుతాయి. చర్చ్‌గేట్ బయట ఆఫీసులకు వెళ్లేవాళ్ల వరస ఎక్కడ కనపడితే అక్కడ నిలబడటమే, అడగనక్కర్లేదు.

భూమి లోపల నడిచే మూడో నంబరు మెట్రో 2025 అక్టోబరులో కఫ్ పరేడ్ దాకా పూర్తయింది. ఆరే నుంచి అక్కడికి 33.5 కిలోమీటర్లు, ఛార్జీ 10 నుంచి 70 రూపాయల దాకా. విమానంలో దిగినవాళ్లకు ఇది వరం. రెండు టెర్మినళ్ల దగ్గరా స్టేషనుంది, సామానుతో నేరుగా దాదర్‌కో, సీఎస్‌ఎంటీకో రావచ్చు. రద్దీ వేళ ముసలివాళ్లతో ప్రయాణం తప్పనప్పుడూ లోకల్ బదులు దీన్నే ఎంచుకుంటాను. తీరిక ఉన్న వేళ మాత్రం నా ఓటు లోకల్‌కే. మెట్రోలో ఊరు కనపడదు. లోకల్ కిటికీలోంచి పాత మిల్లుల పొగగొట్టాలు, వాటి పక్కనే లేచిన అద్దాల మేడలు, పట్టాల వారగా ఆకుకూర మళ్లు, ఆరేసిన చీరలు, అన్నీ వరసగా వెళ్తుంటాయి. మధ్యాహ్నం ముందు వేళల్లో లగేజీ బోగీ పక్కన నిలబడితే తెల్ల టోపీల డబ్బావాలాలు పొడుగాటి చెక్క తట్టల్లో భోజనం డబ్బాలు దించడం చూడొచ్చు. ఆ తట్ట తల మీదకెత్తుకున్నాక వాళ్లకు దారివ్వడం ఇక్కడ అందరికీ అలవాటు.

మేం తిరుగు ప్రయాణమయ్యే ముందు రోజు ఆసుపత్రి దగ్గర అనకాపల్లి వైపు దంపతులు పరిచయమయ్యారు. ఆయనకు మొదటి విడత మందులెక్కించారు. విశాఖపట్నం బండి లోకమాన్య తిలక్ టెర్మినస్ నుంచి ఎక్కాలి. దానికి టాక్సీవాడెవరో ఎనిమిది వందలడిగాడట. "మాకేటీ తెల్దండి, ఇచ్చేద్దుమనుకున్నాం" అంది ఆవిడ. పెద్దమ్మ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాచేత కాగితం మీద రాయించింది. పరేల్‌లో తిలక్‌నగర్ దాకా ఒకే టికెట్ తీసుకోండి. స్లో బండి ఎక్కండి. ఆయన్ని వికలాంగుల బోగీలో ఎక్కించండి, ఆసుపత్రి కాగితం చేతిలో ఉంచండి. కుర్లాలో దిగి హార్బర్ లైను ప్లాట్‌ఫాంకు మారండి, పన్వేల్ వైపు వెళ్లేది ఎక్కండి, తర్వాతి స్టేషనే తిలక్‌నగర్. అక్కణ్ణుంచి టెర్మినస్‌కు నడిచే దారుంది, ఎవర్నడిగినా చూపిస్తారు.

నేను కాగితం మడిచి ఇవ్వబోతుంటే పెద్దమ్మ ఆపి, అడుగున ఇంకో మాట రాయమంది: సామానుంది కాబట్టి సాయంత్రం నాలుగు లోపే బయల్దేరండి, స్టేషన్లో కూర్చున్నా ఫర్వాలేదు, గుంపులో మాత్రం ఆయన్ని ఎక్కించొద్దు.